గరిటె పట్టిన చెయ్యి

"ఈ చాప్టరు ఎవరు రాసినారు జ్యోతీ?"

విష్ణువర్ధన్ సారు ఆ మాట కోపంగా అడగలేదు. టీ తాగినావా అని అడిగినంత మామూలుగా అడిగాడు. అందుకే జ్యోతిలక్ష్మికి మొదట అర్థం కాలేదు.

"నేనే సార్," అంది.

"టైపు చేయించింది నువ్వేలే. రాసిందెవరని అడుగుతాండా."

కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. ఆషాఢం గాలి కిటికీ రెక్కలను పట్టుకొని ఊపుతోంది. కాగితాలు లేచిపోకుండా వాటి మీద నున్నగా పాలిష్ పట్టిన తాడిపత్రి బండముక్క పెట్టాడు. దాన్ని పక్కకు జరిపి, ఒక పేజీ తీసి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకొని చదివాడు.

"'గంజికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద చట్టి తీసుకొని పోయేవాళ్ళు. చిన్నది తీసుకొని పోతే తమ ఆకలి చిన్నదనుకుంటారని భయం.' ఇది నువ్వు రాసిన మాటేనా?"

"అవును సార్."

"పోయిన యేడు నువ్విచ్చిన మొదటి చాప్టరు ఇంకా నా బీరువాలోనే ఉండాది. 'క్షామ పరిస్థితులను దృష్టియందుంచుకొని' అని మొదలుపెట్టినావు. నాలుగు పేజీలు చదివేసరికి నాకు తలనొప్పి వచ్చింది. అదీ ఇదీ రాసింది ఒకరేనంటే ఎట్ల నమ్మేదమ్మా?"

అనంతపురంలోని ఆ పీజీ సెంటరులో జ్యోతిలక్ష్మి చరిత్రలో ఎం.ఫిల్. చేస్తోంది. యాభై ఏళ్ళ కిందటి కరువులో ఊళ్ళలో పెట్టిన గంజి కేంద్రాలు ఆమె అంశం. ఆ గంజి తాగి బతికినవాళ్ళు ఇంకా కొందరున్నారు. బస్సులు పట్టుకొని వాళ్ళ దగ్గరికి పోయి, చెప్పింది విని, రాసుకొచ్చింది. సారు చేతిలో ఉన్నది ఆ మాటలతో కట్టిన చాప్టరు. దాన్ని ఎన్నిసార్లు తిరగరాసిందో, ఎన్ని పేజీలు హాస్టలు వెనక పొయ్యిలో పడ్డాయో చెప్పాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ అవి పొయ్యిలో పడ్డాయి కదా, చూపించడానికి ఏముంది అనిపించి ఆగిపోయింది.

"వంశీని అడిగినా," అన్నాడు సారు. "నీ చెయ్యి కనపడతాండాదే అంటే నవ్వినాడు."

వంశీ ఆమెకంటే ఒక యేడు ముందు చేరిన స్కాలరు. వారపత్రికల్లో అతని కథలు వస్తుంటాయి. సెంటరులో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, సన్మానపత్రం కావాలన్నా అతని దగ్గరికే పోతారు.

"ఆయన చదివినాడంతే సార్. రెండు చోట్ల పెన్సిలు గీతలు పెట్టిచ్చినాడు."

సారు కాగితాలు సర్ది మళ్ళీ బండముక్క పెట్టాడు. "చూడమ్మా. పోయినసారి ఒక పిల్లోడు ఇంకొకరి థీసిస్ అట్లే దించిచ్చినాడు. కింద నా సంతకం. ఆ మచ్చ ఇంకా పోలేదు నాకు. గురువారం కమిటీ కూర్చుంటాది. తాడిపత్రి నుంచి ఇంద్రాణి మేడమ్ వస్తారు. ఆమె ఊరుకునే మనిషి కాదు. దీన్ని పక్కన పెట్టి, నీకు వచ్చిన భాషలో ఇంకొకటి రాసుకొని రా. ఇది రాసేటప్పుడు వేరేవాళ్ళ సాయం తీసుకున్నానని ఒక కాగితం మీద సంతకం పెట్టు. మిగతాది నేను మాట్లాడుకుంటా. నీ మంచికే చెప్తాండా."

నిజంగానే ఆమె మంచికే చెప్తున్నాననుకుంటున్నాడు ఆయన. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

వంశీ క్యాంటీనులో ఉన్నాడు. ఆమెను చూసి పక్క కుర్చీ లాగాడు. ఆమె కూర్చోలేదు.

"సారు అడిగితే నవ్వినావంట."

వంశీ టీ గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పాడు. "ఏం చెప్పమంటావు జ్యోతీ? కాదన్నా నమ్మేటట్టు లేడు ఆయన."

"కాదన్నావా?"

అతను గ్లాసు వైపే చూశాడు. "శానా బాగుండాది అన్నాడు సారు," అన్నాడు. "ఇట్లాంటి తెలుగు ఈ డిపార్టుమెంటులో ఎవరికీ రాదు, నీకు తప్ప అన్నాడు. ఆ మాట వింటాంటే... నోరు రాలేదు."

ఆమెకు తిట్టాలనిపించలేదు. అతను సిగ్గుపడుతున్నాడని కనిపిస్తూనే ఉంది. "ఇప్పుడు పోయి చెప్పు," అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నం రైలెక్కి ధర్మవరం పోయింది. ఇంట్లో నాయన మగ్గం గుంతలో కూర్చొని ఉన్నాడు. అమ్మ లక్ష్మక్క గోడ పక్కన రాట్నం తిప్పుతూ పట్టుపోగును కండెలకు చుడుతోంది. కరెంటు లేదు. వెలుతురు కోసం వీధి తలుపు బార్లా తీసి పెట్టారు. బయట నుంచి దుమ్ము రాకుండా గడప దగ్గర తడిగుడ్డ పరిచారు.

"ఏం పాపా, వారం నడుమ వచ్చినావు?" అన్నాడు నాయన, చెయ్యి ఆపకుండానే.

జ్యోతిలక్ష్మి చెప్పింది. నాయన మగ్గం ఆపి విన్నాడు. మధ్యలో ఒక పోగు తెగితే రెండు కొసలూ వేళ్ళ నడుమ నులిమి, ఉమ్మి తడి చేసి అతికించాడు. ఆమె చెప్పడం అయిపోయాక కూడా ఆ పోగునే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ కాయితం చేతికొస్తే కాలేజీలో ఉద్యోగానికి రాసుకోవచ్చు అంటివి కదా. పేపర్లో పడిందంటివి."

"అవు నాయనా."

"అయితే సంతకం పెట్టేయి."

"నేను రాసింది నేను రాయలేదని పెట్టాల."

"పెడితే ఏమయితాది?" నాయన మగ్గం మీది చీరను అరచేత్తో నిమిరాడు. కొంగు సగం అయింది. "ఇది యాడికో పోతాది. మదరాసులో ఏ పెండ్లికూతురో కట్టుకుంటాది. ఎవరు నేసినారని ఆ యమ్మి అడుగుతాదా? పెట్టె మింద అంగడోళ్ళ పేరుంటాది. నా వయసంతా అట్లే పోయింది. నేనేమన్నా కొట్లాడినానా?"

నాయన మాటలో అబద్ధం లేదు. ఆయన నేసిన చీరల్లో ఒక్కటి కూడా ఆయన పేరుతో ఏ ఇంటికీ పోలేదు.

రాట్నం తిరుగుతూనే ఉంది. "కొట్లాడింటే ఏమయ్యేదో ఎవరికి తెలుసు," అంది లక్ష్మక్క, తలెత్తకుండా.

నాయన ఆమె వైపు చూశాడు. "ఆ కొస పట్టుకో పాపా, అచ్చు సందుల్లోకి ఎక్కించల్ల," అన్నాడు. జ్యోతిలక్ష్మి గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చొని కొస అందుకుంది. పొద్దు వాలేదాకా ముగ్గురూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

రాత్రి బండికి అనంతపురం తిరిగొచ్చి, మరుసటి రోజు తెల్లారి హాస్టలు గదిలో, సారు చెప్పినట్టే తనకు వచ్చిన భాషలో ఇంకొకటి రాద్దామని కూర్చుంది. కష్టమవుతుందనుకుంది. కలం పెట్టగానే మాటలు వాటంతట అవే వచ్చేశాయి. 'ఈ నేపథ్యంలో', 'పరిశీలించినట్లయితే', 'చోటుచేసుకున్నట్లు తెలియవచ్చుచున్నది'. ఒక పేజీ నిండింది, రెండో పేజీలోకి పోయింది. ఎక్కడా తడుముకోలేదు. చెయ్యి నొప్పి కూడా పుట్టలేదు.

అక్కడ ఆగింది. ఆ రెండు పేజీలూ ఆమెకు బాగా తెలిసినవి. ప్రతి చాప్టరుకూ మొదటిసారి ఆమె రాసేది ఇదే. గంజి కేంద్రాల చాప్టరు కూడా మొదట ఇట్లాగే ఉండింది. దీన్ని ఇట్లాగే పట్టుకొని పోయి ఇస్తే సారు నమ్ముతాడు. తలనొప్పి వచ్చినా నమ్ముతాడు.

పక్క మంచం మీద ఎం.కాం. చదివే శశి లేచి కూర్చుంది. "ఏమే, కత్తెర యాడ పెట్టినావు? ఈ పొద్దు కత్తిరించవా?"

ఆ గదిలో అందరికీ తెలిసిన సంగతి అది. జ్యోతిలక్ష్మి ఒక పేజీ రాసినాక వాక్యాలను పీలికలుగా కత్తిరించి నేల మీద పరుస్తుంది. గాలికి ఎగిరిపోకుండా సబ్బుపెట్టె, తాళం, దువ్వెన, ఏది దొరికితే అది పెడుతుంది. తర్వాత వాటి చుట్టూ తిరుగుతూ ఏది ముందు, ఏది వెనక, ఏది వద్దు అని చూస్తుంది. ఒక్కోటి తీసి గొణుగుతూ చదువుతుంది. నోటికి అడ్డం పడిన మాటను కొట్టేస్తుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదటి చాప్టరును సారు దిద్దకుండానే బీరువాలో పడేసిన రోజు ఏడుపు వచ్చి, తన దగ్గరున్న చిత్తు పేజీలు చింపి పారేయబోయి, సగం చింపినాక, చింపిన ముక్కల్లో ఒకటి బాగుందే అనిపించింది. అప్పటి నుంచి చింపడం మానలేదు.

"సారుకు కత్తెర చూపిస్తే నమ్ముతాడంటావా?" అంది.

శశి ఆవలించింది. "కత్తెర చూసి ఎవరు నమ్ముతారే. కత్తిరించేది చూస్తే నమ్ముతారేమో."

శశి ఆ మాట అనేసి బకెట్టు తీసుకొని నీళ్ళ వరసకు పోయింది. జ్యోతిలక్ష్మి మాత్రం రాసిన రెండు పేజీలనూ మడిచి పక్కన పెట్టి, చీర మార్చుకొని, సెంటరు తెరవకముందే పోయి సారు గది ముందు నిలబడింది.

"నాకొక పూట ఇయ్యండి సార్," అంది ఆయన తాళం తీస్తుండగానే. "గురువారం కమిటీ ముందరే కూర్చొని రాస్తా. మీరే ఏదో ఒకటి ఇయ్యండి రాయమని. పుస్తకం తెచ్చుకోను. కాగితాలు మీవే."

"పరీక్షనా?"

"పరీక్ష కాదు సార్. పరీక్షలో మొదటిసారి రాసిందే చూస్తారు. నాకు మొదటిసారి బాగా రాదు. అది కూడా మీరు చూడల్ల. ఆ తర్వాత ఏం చేస్తానో కూడా చూడల్ల."

సారు కుర్చీలో కూర్చొని బీరువా వైపు చూశాడు. "బాగా రాయలేకపోతే?"

"అప్పుడు మీరు చెప్పిన కాగితం మీద సంతకం పెడతా."

గురువారం పొద్దున వంశీ వరండాలో ఎదురుపడ్డాడు. సారుకు చెప్పానన్నాడు. "నేను రాయలే సార్, ఒక్క మాట కూడా నాది కాదు అన్నా. స్నేహితురాలని మంచితనానికి చెప్తాండావులే అన్నాడు." అతని మొహం చిన్నబోయి ఉంది. "అప్పుడు చెప్పింటే నమ్మేవాడు."

"ఇప్పుడన్నా చెప్పినావు కదా," అని ఆమె లోపలికి పోయింది.

ఇంద్రాణి మేడమ్ బక్కపలచని మనిషి. తాడిపత్రిలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతుంది. బస్సులో వచ్చినట్టుంది, జుట్టంతా సిమెంటు రంగు దుమ్ము. చాప్టరు ఆమె చేతిలో ఉంది. అక్కడక్కడ పేజీల అంచులు మడిచి ఉన్నాయి.

"ఇది నీదో కాదో నాకు తెలీదు," అంది ముఖం మీదే. "బాగుండాది. అయితే ఒక సంగతి చెప్పు. ఇందులో చట్టీలు ఉన్నాయి, వరస ఉంది, నడిచొచ్చిన దారి ఉంది. గంజి తాగినాక నోట్లో రుచి గూడా ఉంది. గంజి పోసేది లేదు. ఎందుకు?"

అది జ్యోతిలక్ష్మి దాటేసిన చోటు. పామిడి దగ్గర ఒక పల్లెలో బయమ్మ అనే ముసలామె ఆ సంగతి రెండు మాటల్లో చెప్పి ఊరుకుంది. ఆ రెండు మాటలతో ఏం చేయాలో తెలియక వదిలేసింది.

"నాకు సరిగ్గా కుదరలేదు మేడమ్."

"అయితే అదే రాయి."

సారూ మేడమూ అదే బల్ల దగ్గర తమ పనులు పెట్టుకొని కూర్చున్నారు. జ్యోతిలక్ష్మి కలం తీసింది. రాసింది. ఆగకుండా రాసింది. సారు చెయ్యి చాపేసరికి ఒక పేజీ అయింది. ఇచ్చింది.

సారు పైకే చదివాడు. "'అనాదిగా క్షామము మానవాళిని పీడించుచున్నది. గంజి కేంద్రములయందు క్షుధార్తులకు గంజి పంపిణీ చేయబడుచుండెను. ఈ పంపిణీయందు కొన్ని అసమానతలు చోటుచేసుకొన్నట్లు తెలియవచ్చుచున్నది.'" కాగితం బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు, అలసట ఉంది. "ఇదమ్మా నీ రాత. నాకు తెలుసు ఇది. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు."

"అవును సార్, నా రాతే," అంది జ్యోతిలక్ష్మి. "ఇంకా అయిపోలేదు. ఇట్లియ్యండి."

ఆఫీసు కత్తెర అడిగి తెచ్చుకుంది. మొదటి వాక్యాన్ని కత్తిరించి ముద్ద చేసి పక్కన పడేసింది. అనాదిగా ఏం జరిగిందో ఆమెకు తెలీదు, బయమ్మకూ తెలీదు. రెండో పీలిక తీసి పెదవులు కదుపుతూ చదివింది. పంపిణీ చేయబడుచుండెను. అంచున చిన్న అక్షరాలతో రాసుకుంది: ఎవరు? దేనితో? ఎవరికి? మూడో దాని దగ్గర ఎక్కువసేపు ఆగింది. అసమానతలు. బయమ్మ ఆ మాట అనలేదు. ఆమె ఏమందో గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకుంది. గరిటె కాడ తడి చూసుకొంటాంటిమి పాపా, అంది బయమ్మ. అది గరిటె పిడికి అంటిన తడి అని అప్పుడు అర్థం కాలేదు. అసమానతలు అన్న పీలికను తిరగేసి దాని వెనక 'కాడ తడి' అని రాసింది.

ఇంద్రాణి మేడమ్ తన కాగితాలు చూడడం ఎప్పుడో మానేసింది.

కొత్త కాగితం మీద మళ్ళీ రాసింది. అది కూడా బాగా రాలేదు. గరిటె గురించి చెప్పబోయి ఆకలి గురించి రెండు పెద్ద వాక్యాలు వచ్చాయి. వాటిని చదివి, ఇవి వినేవాళ్ళను ఏడిపించడానికి రాసినవి అని కొట్టేసింది. మిగిలినవాటిని ముక్కలు చేసి బల్ల మీద పేర్చింది. గాలికి ఒకటి లేచింది. సారు, తాను ఏం చేస్తున్నాడో గమనించకుండానే, తాడిపత్రి బండముక్క తీసి దాని మీద పెట్టాడు. ఆమె చివర ఉన్న పీలికను ముందుకు తెచ్చింది. ఒక 'మరియు'ను తీసేసింది. గొణుగుతూ మొదటి నుంచి చదివింది. ఒక చోట ఊపిరి ఆడలేదు, అక్కడ వాక్యాన్ని రెండు చేసింది. తర్వాత శుభ్రంగా ఎత్తి రాసి, సారు ముందు పెట్టింది.

సారు ఈసారి పైకి చదవలేదు. చదివి మేడమ్‌కు ఇచ్చాడు. ఆమె చదివింది, సన్నగా, తనకు తానే చదువుకుంటున్నట్టు.

"'వరసలో నిలబడిన బయమ్మ పెద్దవాళ్ళ ముఖాలు చూసేది కాదు. గరిటె కాడ చూసేది. కాడ సగందాకా తడిసి పైకి వస్తే గరిటె అడుగుదాకా పోయినట్టు. అడుగున నూక ఉంటుంది. కాడ పొడిగా వస్తే నీళ్ళు. గంజి పోసేవాడు కొందరికి కాడ తడిపేవాడు, కొందరికి తడిపేవాడు కాదు. తన వంతు వచ్చేదాకా బయమ్మ కాడనే చూస్తూ జరిగేది.'"

మేడమ్ కాగితం దించింది. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు.

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా కొనతో తుడుచుకున్నాడు. మొదటి పేజీ ముక్కలను వేలితో కదిపాడు. తర్వాత చివరి కాగితాన్ని మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు.

"పోసేవాడు అన్నావు. ఎవడు వాడు? సర్కారు మనిషా? రెడ్డి గారి జీతగాడా?"

"తెలీదు సార్," అంది జ్యోతిలక్ష్మి.

"మరి వాడు అని ఎట్ల రాసినావు?"

ఆమె కత్తిరించిన పీలికలు చూసుకుంది. పంపిణీ చేయబడుచుండెను అన్నప్పుడు ఎవరూ లేరు అందులో. ఎవరు అని అంచున రాసుకుంది తానే. ఆ ప్రశ్నకు జవాబు లేకుండానే వాక్యాన్ని నిలబెట్టడానికి ఒక మనిషి కావాల్సి వచ్చి, మగవాణ్ణి తెచ్చి నిలబెట్టింది. బయమ్మ ఎక్కడా పోసేవాడు అనలేదు. పోసేది అందో, పోస్తాండ్రి అందో గుర్తు లేదు.

"నేను అడగలేదు సార్," అంది మెల్లగా. "ఆ 'వాడు' నేను తెచ్చి పెట్టింది."

సారు నవ్వాడు. తన చాప్టరు గురించి మాట్లాడేటప్పుడు ఆయన అట్లా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "పోనీలే. అంత లోతు ఎవరు చూస్తారు. ఇంద్రాణమ్మా, ఇది ఈ పిల్లదే. నేను పొరపాటు పడినా." కమిటీ కాగితం దగ్గరికి లాక్కొని, పెన్ను మూత తీశాడు. "చాప్టరు ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుంటాండా. ఈ రోజే సంతకం పెట్టేస్తా."

"సార్," అంది జ్యోతిలక్ష్మి. "ఆ చాప్టరు నాకు వెనక్కి ఇయ్యండి."

పెన్ను ఆగింది. "ఎందుకు? నీదేనని ఒప్పుకున్నా గదమ్మా."

"నాదే కాబట్టి సార్. అది ఇంకా అయిపోలే. గంజి కేంద్రం గురించి ఇన్ని పేజీలు రాసి, గంజి ఎవరు పోసినారో అడగకుండా వచ్చినా."

"ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మళ్ళీ కమిటీ సంవత్సరం చివరికి గాని కూర్చోదు. నువ్వు ఆ కాలేజీ పోస్టుకు రాయల్ల అంటివే."

"ఇంకోసారి పడతాది సార్ పోస్టు."

ఆ మాట అనేటప్పుడు ఆమెకు మగ్గం గుంతలో నాయన మొహం కనిపించకపోలేదు. ఏమి పాపా, ఒప్పుకున్నాక కూడా తెచ్చుకున్నావా అంటాడు. చెప్పాలి. ఎట్లా చెప్పాలో రైల్లో ఆలోచించుకోవచ్చు. ఆమె చెయ్యి చాపే ఉంచింది.

సారు ఇంద్రాణి మేడమ్ వైపు చూశాడు. ఆమె మడిచిన పేజీ అంచులను ఒక్కొక్కటే విప్పి సాపు చేసి, చాప్టరునూ ఆ కొత్త కాగితాన్నీ జ్యోతిలక్ష్మి చేతిలో పెట్టింది. "పామిడి బస్సు ఒంటిగంటకు ఉండాది," అంది. "తాడిపత్రి బస్సు గూడా ఆ పక్కనే. పద, బస్టాండుదాకా కలిసి పోదాం."

సారు పెన్నుకు మూత పెట్టాడు. జ్యోతిలక్ష్మి గడప దాటుతుంటే, "జ్యోతీ," అని పిలిచాడు. "ఎంతమందికి పోస్తారో గూడా అడుగు. పొయ్యిలు ఎన్ని, కట్టెలు ఎవరు తెస్తారు. అవి గూడా మనకు లేవు."

చాప్టరు గురించి ఆయన ఆమెను అట్లా అడగమనడం అదే మొదలు. "అడుగుతా సార్," అంది.

పామిడి దగ్గర పెన్నలో నీళ్ళు లేవు. ఇసుక తెల్లగా మండుతోంది. బయమ్మ ఇల్లు ఏటి గట్టుకు కాస్త ఎగువన ఉంటుంది. వాన పడితే విత్తుకోవాలని ఆ ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా వేరుశనగ కాయలు ఒలుస్తోంది. ముందర చాట, పక్కన గోనెసంచి. వేళ్ళ కొసలు తెల్లబారి ఉన్నాయి.

"ఏం పాపా, మళ్ళా వచ్చినావు? అయిపాయె అంటివే పోయినసారి."

"అయిపోలేదవ్వా." జ్యోతిలక్ష్మి పక్కన కూర్చొని చాటలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది. బొటనవేలితో నొక్కి పగలగొట్టింది. నాలుగైదు ఒలిచాక అడిగింది. "గంజి పోసేటప్పుడు గరిటె కాడ తడి చూసుకుంటాంటిమి అంటివి కదా. ఆ గరిటె పట్టుకున్నవాడు ఎవరు?"

"వాడా?" బయమ్మ తలెత్తింది. "వాడు ఎవుడు? మొగోళ్ళు యాడుండ్రి ఆడ? ఆ పొగలో, ఆ సెగలో ఎవురు కూసుంటారు? ఆడోళ్ళమే గదా పోస్తాండింది."

"ఏ ఆడవాళ్ళు?"

"వరసలో నిలబడేటోళ్ళే. దినానికి ఒకర్ని పిలుస్తాండ్రి. నేను చిన్నదాన్ని, నన్ను పిలవలే. మా యమ్మ పోసింది. మారెక్క పోసింది. పక్కింటోళ్ళు పోసినారు."

జ్యోతిలక్ష్మి చేతిలో కాయ పగిలి గింజ నేల మీద పడింది. తీసి చాటలో వేసింది. "మరి కొందరికి అడుగు నుంచి, కొందరికి పైనుంచి పోసింది..."

"ఎవురి దినం వాళ్ళది. మా యమ్మ దినం మాకు చట్టి నిండా నూక. మారెక్క దినం మాకు నీళ్ళు, మారెక్క బిడ్డలకు నూక. అందురూ ఆకలిగొన్నోళ్ళే పాపా. గరిటె చేతికొస్తే చెయ్యి తన బిడ్డలకాడ లోతుకు పోతాది."

"పోయినసారి చెప్పలేదే అవ్వా?"

"నువ్వు అడగలే. ఎవురో పెద్దోళ్ళు ముంచి తిన్న్యారని రాసుకొంటాంటివి. రాసుకోనీలే అనుకొన్న్యా."

జ్యోతిలక్ష్మి ఒడిలోంచి కాగితం తీసింది. పొద్దున కమిటీ ముందు ఎత్తి రాసిన కాగితం అది. 'పోసేవాడు' మీద అడ్డంగా గీత కొట్టింది. దాని పైన ఏం రాయాలో వెంటనే తోచలేదు. పోసే ఆమె అని రాస్తే ఒక్కరే అవుతుంది. పోసేవాళ్ళు అని రాస్తే మళ్ళీ ఎవరో అవుతారు. పేర్లు రాయాలి. బయమ్మ వాళ్ళ అమ్మ పేరు ఆమెకు ఇంకా తెలీదు. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉందని తోచింది. కలం పక్కన పెట్టి అడిగింది.

"మీ అమ్మ, మారెక్క తర్వాత మాట్లాడుకున్నారా అవ్వా? ఆ కరువు పోయినాక?"

బయమ్మ చేతిలోని కాయను పగలగొట్టకుండా కాసేపు అట్లే పట్టుకుంది. చాటను పక్కకు జరిపింది.

"ఇప్పుడడిగినావు పాపా, అడగాల్సింది," అంది.